మేస్త్రీకి, ఇంటాయనకు మధ్య నిలబడేటప్పుడు

నాయనా,

ఆశీస్సులు. ఆదివారం నువ్వు ఫోనులో చెప్పింది విన్నప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు అవతల నువ్వు ఎస్సైగా ఉన్న పోలీస్ స్టేషన్, చుట్టూ లేస్తున్న కొత్త కాలనీలు, వారానికి మూడు నాలుగు ఇళ్ల గొడవలు. "పెద్దనాన్నా, దొంగల కంటే మేస్త్రీలే ఎక్కువ వస్తున్నారు" అన్నావు. నవ్వేశాను కానీ, నా ముప్పై మూడేళ్ల సర్వీసులో నాకు మెమో తెచ్చిపెట్టింది ఏ దొంగా కాదు, ఒక స్నానాల గది గోడ. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

నువ్వు వెళ్లేసరికి అక్కడి దృశ్యం దాదాపు ఒకేలా ఉంటుంది. గేటు లోపల ఇంటాయన, బయట మేస్త్రీ, అతని వెనక ఆరుగురు కూలీలు. గృహప్రవేశానికి పది రోజులే ఉంటుంది, మెట్లకు ఇంకా టైల్స్ పడి ఉండవు. ఇంటాయన చేతిలో ఫోను, అందులో వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి కొడుకు. అక్కడ అర్ధరాత్రి దాటుతున్నా ఇక్కడి గొడవలో పెద్ద గొంతు అతనిదే. ముందు ఆ ఫోను పెట్టించు. "నాన్నగారితో మాట్లాడాక మీకు ఫోను చేయిస్తాను బాబూ" అంటే చాలు. వినేవాళ్లు తగ్గితే గొంతులు వాటంతట అవే దిగుతాయి.

కూలీల చేతుల్లో పారలు, గడ్డపారలు చూసి కంగారు పడకు. అవి వాళ్ల పనిముట్లు. "కింద పడేయండి" అని అరిచావంటే ఆ క్షణం నుంచి అవి ఆయుధాలవుతాయి. "మీరంతా వెళ్లి టీ తాగి రండి, మేస్త్రీతో నేను మాట్లాడతాను" అని పంపించు. తర్వాత ఇంటాయనను లోపలి గదిలోకి, మేస్త్రీని సంపు వైపు తీసుకెళ్లి, ఒక్కొక్కరి దగ్గర ఒక కానిస్టేబుల్‌ను ఉంచి, విడివిడిగా విను. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "ఏం జరిగింది?" అని అడిగితే వాళ్లు నీకు జవాబు చెప్పరు, ఒకరికొకరు చెప్పుకుంటారు.

మన శాఖలో ఒక పాత జబ్బుంది. ఇంటాయన "సార్" అవుతాడు, మేస్త్రీ "ఏరా" అవుతాడు. స్టేషన్‌కు వస్తే ఒకరికి కుర్చీ, ఒకరికి గోడ. నీ నోటి నుంచి ఆ "రా" వచ్చిందంటే నువ్వు ఎవరి పక్షమో బయట టీ తాగుతున్న ఆరుగురికీ తెలిసిపోతుంది. ఇద్దరినీ "మీరు" అను. కుర్చీ ఒకటే ఉంటే ఇద్దరితోనూ నిలబడే మాట్లాడు.

మేస్త్రీని ముందు అడగాల్సింది ఇంటాయన ఎంత బాకీ అని కాదు. "మీ వాళ్లకు ఎన్ని వారాల కూలి ఇవ్వాలి?" అని అడుగు. చాలాసార్లు గొడవ వేడెక్కేది అక్కడే. వారం కూలి అందని వాళ్లు మేస్త్రీ ఇంటి ముందు కూర్చుంటే, అతను వాళ్లను వెంటబెట్టుకుని ఈ గేటు ముందుకు వస్తాడు. ఆ బాకీకి కార్మిక శాఖ అధికారి ఉన్నాడని వాళ్లకు చెప్పగలిగితే సగం జనం అక్కడి నుంచి కదులుతారు.

ఇప్పుడు ఆ గోడ సంగతి. ఎస్సైగా అది నా రెండో పోస్టింగు. రిటైరైన ఒక మాస్టారు కట్టుకున్న ఇల్లు. స్నానాల గది గోడ చెమ్మ పట్టి, పడకగది వైపు సున్నం పెచ్చులు ఊడిపోతోంది. కాంట్రాక్టరు డబ్బంతా తీసుకుని మళ్లీ ముఖం చూపించలేదు. మాస్టారి గొంతు వణకడం చూసి నాకు కోపం వచ్చింది. కాంట్రాక్టరును పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, నెలలో నలభై వేలు ఇస్తానని తెల్ల కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. అతను వారం తిరక్కుండా కోర్టుకెళ్లి, బెదిరించి సంతకం తీసుకున్నారన్నాడు. అందులో అబద్ధం లేదు. స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీలో అతని రాక గురించి ఒక్క ముక్క లేదు, నా దగ్గర జవాబూ లేదు. ఇంకో ఆరు నెలలకు తెలిసిందేమిటంటే, చెమ్మ వస్తున్నది మాస్టారే వేరుగా పెట్టుకున్న ప్లంబరు వేసిన పైపు నుంచి. నేను ఏనాడూ తాపీ పట్టినవాణ్ణి కాను. ఆ తడి ఎక్కడిదో నేనెలా తేలుస్తాను?

అందుకే చెబుతున్నాను, కొలతలు, చదరపు అడుగుల రేట్లు, ఎన్ని బస్తాల సిమెంటు పట్టింది, ఈ లెక్కల్లోకి దిగకు. ఆ పూట అక్కడ ఎవరి ఒంటి మీదా చేయి పడకుండా చూసి, ఎవరు ఏ తలుపు తట్టాలో చెప్పడం వరకే నీ పని. సెటిల్‌మెంట్ చేసే ఎస్సైకి మొదటి నెలలో మంచి పేరు, మూడో నెలలో చెడ్డ పేరు, ఆ తర్వాత విచారణ వస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఇంకొకటుంది. "ఇది సివిల్ తగాదా, కోర్టుకు పోండి" అని స్టేషన్ గేటు దగ్గరే తిప్పి పంపడం. డబ్బు లెక్క సివిలే. కానీ మేస్త్రీ చెంప మీద వాత తేలి ఉంటే అది సివిల్ కాదు. కూలీని గదిలో పెట్టి గొళ్లెం వేయడం, కోపంతో రాత్రికి రాత్రి అతికించిన టైల్స్ పగలగొట్టడం, చంపుతానని బెదిరించడం, ఇవేవీ డబ్బు లెక్కలో కలిసిపోవు. కులం పేరుతో దూషించారని కూలీలు చెబితే ఇంకా జాగ్రత్త. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టానికి 2018లో తెచ్చిన సవరణ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారిది. వెంటనే పైకి చెప్పు.

మోసం అనే మాట దగ్గర నీకు నిజమైన పరీక్ష. ఇంటాయన తెచ్చే ఫిర్యాదులో వకీలు రాసిన "మోసం", "నమ్మకద్రోహం" పంక్తికొకటి కనిపిస్తాయి. వాటిని పక్కనపెట్టి తేదీలు చూడు. ఒప్పందం తప్పినంత మాత్రాన మోసం కాదనీ, వంచించే ఉద్దేశం మొదటి నుంచీ ఉండాలనీ సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో చెప్పింది. పునాది తీసి, పిల్లర్లు లేపి, మొదటి స్లాబు పోసి, ఇనుము ధర పెరిగిందని రెండో స్లాబు దగ్గర ఆగిపోయినవాడు మాట తప్పినవాడు. ఒకే నెలలో నలుగురి దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఎక్కడా గడ్డపార దింపకుండా ఫోను నంబరు మార్చినవాడి సంగతి వేరు. అతని మీద కేసు కట్టడానికి వెనకాడకు.

వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ (కాగ్నిజబుల్) నేరం స్పష్టంగా కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పదని 2013లో లలితా కుమారి తీర్పు తేల్చింది. వ్యాపార లావాదేవీల వంటి వాటిలో ముందు ప్రాథమిక విచారణకు అదే తీర్పు చోటిచ్చింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త సురక్షా సంహిత 173(3) ప్రకారం, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ఆ విచారణ ముగించవచ్చు. ఇక్కడ కుర్ర ఎస్సైలు పొరపాటు పడుతున్నారు. నమ్మకద్రోహం, ఐపీసీ స్థానంలో వచ్చిన న్యాయ సంహిత 316(2), అయిదేళ్ల శిక్ష కాబట్టి ఆ గీత లోపలికి వస్తుంది. మోసం 318(4)కి ఏడేళ్ల దాకా ఉంది కాబట్టి రాదు. అలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు సొంత తెలివి వాడకుండా, డీఎస్పీ స్థాయిలో ఉండే మీ ఏసీపీని అడుగు. కేసు కట్టినా అరెస్టుకు తొందరపడకు. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నవాటిలో మామూలుగా, హాజరు కమ్మని ఇచ్చే సురక్షా సంహిత 35(3) నోటీసుతో మొదలుపెట్టాలి.

అదే గేటు ముందు అదే గొడవ రెండోసారి జరిగితే ఇద్దరినీ బైండోవర్ చేయించు, అంటే శాంతిగా ఉంటామని మేజిస్ట్రేటు ఎదుట పూచీకత్తు రాయించు. మా కాలంలో సెక్షన్ 107 అనేవాళ్లం, ఇప్పుడది సురక్షా సంహితలో 126. రెండు వైపులా ఒకేలా చేయి, ఒక్క మేస్త్రీని మాత్రమే చేస్తే అది కక్షలా కనిపిస్తుంది.

తలుపుల గురించి కూడా నీకు తెలిసి ఉండాలి, లేకపోతే "కోర్టుకు వెళ్లండి" అన్న మాట వదిలించుకోవడంలా వినిపిస్తుంది. సొంత ఇల్లు కట్టించుకున్నాయన పని నాసిరకమని అంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అక్కడే. కాంట్రాక్టరుకు ఆ తలుపు లేదు, అతను డబ్బు కోసం సివిల్ కోర్టుకో లోక్ అదాలత్‌కో వెళ్లాలి. బాకీ మూడేళ్లు దాటకముందే వెళ్లమని చెప్పు, చాలామంది తిరిగి తిరిగి ఆ గడువు పోగొట్టుకుంటారు. అపార్ట్‌మెంటు బిల్డరుతో గొడవైతే రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థ. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, ఎనిమిది దాటిన ఫ్లాట్లు గానీ ఉంటే దాని కిందికి వస్తుంది. ఫ్లాటు అప్పగించాక అయిదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. చెక్కు చెల్లకపోతే నోటీసు, మేజిస్ట్రేటు, అందులో నీకు పని లేదు. ఖర్చు పెట్టుకోలేనివాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 చెప్పు. నేనైతే ఎక్కువమందిని లోక్ అదాలత్‌కే పంపేవాణ్ణి. ఫీజు లేదు, అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. నా తెల్ల కాగితం లాంటిది కాదు.

వచ్చినవాళ్ల పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, నువ్వు చెప్పిన మాట డైరీలో రాయించు. స్టేషన్ రాతపని చూసే రైటరు బద్ధకిస్తే నువ్వే రాయి. అరవై దాటిన పెద్దవాళ్లను, ఆడవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనకు, సురక్షా సంహిత 179 సెక్షన్ ఒప్పుకోదు. ఇంటికే వెళ్లు.

ఇంకొకటి, సామాను. బాకీ తేలేదాకా ఇవ్వనని ఇంటాయన సెంట్రింగ్ పలకలు లోపల పెట్టి తాళం వేస్తాడు. మిక్సరు తీసుకుపోతానని మేస్త్రీ ట్రాక్టరు తెస్తాడు. అక్కడున్న ప్రతి వస్తువూ ఇద్దరి ఎదుటే రాయించి, ఫోటో తీయించి, ఇద్దరి సంతకాలూ తీసుకో. అంతే గానీ, కేసు లేకుండా "ప్రస్తుతానికి మా దగ్గర ఉండనీ" అని దేన్నీ స్టేషన్‌కు తెప్పించకు. పోయిన వారం నువ్వు పంపిన ఫోటోలో వేపచెట్టు కింద రెండు మిక్సర్లు కనిపించాయి. అవి ఎవరివో, ఏ కేసువో రేపు పొద్దున్నే రైటరును అడుగు.

మీ పెద్దనాన్న