మితవాదానికి ‘అతి’ ఎలా తగిలింది?

సందేహం: జర్మనీలోని ఏఎఫ్‌డీ (ఆల్టర్నటీవ్ ఫ్యూర్ డాయిచ్‌లాండ్) గురించి ఒక పత్రికలో ‘అతి మితవాద జాతీయవాద పార్టీ’ అని చదివాను. మితమైనది అతి ఎలా అవుతుందండీ? ఆ పార్టీ పేరును ‘జర్మనీకి ప్రత్యామ్నాయం’ అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, మీ సందేహం న్యాయమైనది. ఈ ప్రయోగం మీద నాకు ఎన్నాళ్లుగానో కోపం ఉంది, కనుక కాస్త ఎక్కువే రాస్తాను.

‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. దానికి క్త ప్రత్యయం చేరితే మితం, అంటే కొలిచినది. ఈ ఒక్క ధాతువు మన ఇళ్లలో ఎన్ని చోట్ల తిరుగుతోందో చూడండి. డాక్టరు రాసే మాత్ర, కోర్టులో చేసే ప్రమాణం, మనసులో మెదిలే అనుమానం, అన్నీ దాని బిడ్డలే. మానిక కూడా. మా అమ్మమ్మ మానికతో బియ్యం కొలిచేటప్పుడు, పైన గుట్టగా నిలిచిన గింజల్ని అరచేత్తో అంచుదాకా తోసేసేది. ఆ అంచే మితం. అది దాటితే మితిమీరడం. కాళిదాసు రఘువంశపు రాజులను ‘సత్యాయ మితభాషిణామ్’ అన్నాడు. సత్యం కోసం మాటను కొలుచుకుని వాడినవాళ్లట! మితానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. మితభాషి, మితాహారం అన్నప్పుడల్లా ఆ నిగ్రహమే వినిపిస్తుంది.

ఇలాంటి మాట రాజకీయాల్లో చిక్కుపడింది. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే వైపు వాళ్లు మితవాదులు, తిలక్ వైపు వాళ్లు అతివాదులు. అక్కడ అతికినట్టు సరిపోయింది. తర్వాత ‘అతివాదం’ ఎడమపక్షపు తీవ్రులకు అంటుకుంటే, వాళ్లకు ఎదురు నిలిచినవాళ్లంతా, అంటే ఇంగ్లిష్‌లో రైట్‌వింగ్ అనేవాళ్లు, మితవాదులైపోయారని నా ఊహ. ఆ మితవాదం ముదిరేసరికి ముందు ‘అతి’ తగిలించాం. అంచుదాకా చదును చేసిన మానిక మీద మళ్లీ గుట్ట పోసి, కొలత సరిగ్గానే ఉందన్నట్టు! డెస్కులో కూర్చున్నవాళ్లు ఒక్కసారి పైకి చదువుకుంటే చాలు, చెవే పట్టేస్తుంది. ఆ మాత్రం ఓపిక కూడా లేకపోతే ఎలా?

ఏఎఫ్‌డీ సంగతే చూడండి. 2013 ఫిబ్రవరిలో బెర్న్‌డ్ లుకె అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్, మరికొందరు కలిసి పెట్టిన పార్టీ. అప్పుల్లో మునిగిన గ్రీస్ వంటి దేశాలను జర్మనీ సొమ్ముతో గట్టెక్కించడం వాళ్లకు నచ్చలేదు. ఆ ఏడాది ఎన్నికల్లో 4.7 శాతం ఓట్లొచ్చాయి, పార్లమెంటులో అడుగుపెట్టడానికి కావలసిన 5 శాతం అందలేదు. 2015లో లుకె నాయకత్వం పోగొట్టుకుని పార్టీ వదిలేశారు. అదే ఏడాది లక్షల్లో శరణార్థులు రావడంతో పార్టీ గొంతు వలసల మీదికి మళ్లి, బాగా గట్టిపడింది. 2017లో 12.6 శాతం, 94 సీట్లు. 2025లో 20.8 శాతం, 152 సీట్లు, రెండో స్థానం. లుకె నాటి పార్టీని మితవాదమంటే ఊరుకుంటానేమో. నేటి పార్టీని అలా పిలిస్తే చదివేవాళ్లను దారి తప్పించినట్టే.

నన్నడిగితే ‘తీవ్ర జాతీయవాద పార్టీ’ అంటాను. ‘కుడిపక్షం’ కూడా మంచిదే. 1789లో ఫ్రాన్స్ సభలో రాజు వైపు వాళ్లు అధ్యక్షుడికి కుడిపక్కన కూర్చోవడం నుంచి వచ్చిందది. రైట్‌వింగ్ అని రాసినా తప్పు పట్టను. ‘మితవాద’ అనే మాట పత్రికల్లో వేళ్లూనుకుంది, పూర్తిగా కొట్టేయమనడానికి మనసు ఒప్పడం లేదు. దాని పక్కన ‘అతి’ని మాత్రం కూర్చోబెట్టకండి.

ఇక పేరు. అప్పటి జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) మెర్కెల్ తన విధానాల గురించి ‘వేరే దారి లేదు’ అనే అర్థంలో వాడిన ‘ఆల్టర్నటీవ్‌లోస్’ను అక్కడి భాషావేత్తలు 2010 సంవత్సరపు చెడ్డమాటగా ఎంచారు. దారి ఉందని చెప్పడానికే ఈ పార్టీ ఆ పేరు పెట్టుకుంది. ‘కాఫీకి ప్రత్యామ్నాయం’ అంటే కాఫీ పక్కకు పోతుంది కదా! ‘జర్మనీకి ప్రత్యామ్నాయం’ అన్నా అంతే, జర్మనీ బదులు ఇంకో దేశం అన్నట్టుంటుంది. షష్ఠీ విభక్తి ‘కి’ని వదిలి చతుర్థీ విభక్తి ‘కోసం’ పట్టుకుని ‘జర్మనీ కోసం ప్రత్యామ్నాయం’ అనండి. ‘జర్మనీకి మరో దారి’ అంటే ఇంకా తెలుగుగా ఉంటుంది, ‘దారి’ పక్కన ‘కి’ ఆ పేచీ పెట్టదు.