కలపడం ఒక ఉదయం, ఎంచడం నాలుగేళ్లు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సాంబ మసూరి సన్నదనమూ, ఉల్లికోడు పురుగును తట్టుకునే బలమూ ఒకే వరిలో ఉండేలా సొంతంగా ఒక రకం చేసుకోవాలని రాశావు. చాలా సంతోషమైంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి మన వరంగల్ పరిశోధనా కేంద్రంలో పుట్టిన కావ్య అనే రకాన్ని కలిపే జగిత్యాల సన్నాలు అనే వరి తీశారు. కాబట్టి నువ్వు అనుకున్న దారి సరైనదే. అయితే నీ ఉత్తరంలో సంకరం గురించి, అంటే రెండు రకాలను కలపడం గురించి రెండు పేజీలున్నాయి, పుట్టిన మొక్కల్లో మంచివాటి ఎంపిక గురించి ఒక్క వాక్యం లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఉత్తరం.

ముందు ఈ యాసంగిలో ఒక్క రకాన్ని వేరే రకాల బెరుకు మొక్కలు లేకుండా పండించి చూపించు. రెండు గుంటలు చాలు. పోయిన పంటలో రాలిన గింజ మొలవకుండా రెండుసార్లు తడిపి దున్ను. పక్క రకానికి మూడు మీటర్ల ఎడం వదులు. వరి పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది కనుక ఆ దూరం సరిపోతుంది. నిజానికి విత్తనం కల్తీ అయ్యేది గాలితో కంటే కోత యంత్రంతోనే ఎక్కువ. యంత్రం పొట్టలో నిన్నటి పొలం గింజలు మిగిలి ఉంటాయి. విత్తనపు మడిని కొడవలితో కోయించి, విడిగా నూర్పించు. పిలకల దశలో ఒకసారి, పూతప్పుడు ఒకసారి, గింజ రంగు తిరిగాక ఇంకోసారి మడిలో దిగి, ఎత్తులోగానీ ఆకులోగానీ తేడాగా కనిపించిన ప్రతి దుబ్బునూ వేళ్లతో సహా పీకు. ఈ పనితో నీ కళ్లకు వచ్చే పదును ఏ పుస్తకంతోనూ రాదు.

సంకరం వచ్చే వానాకాలంలో చేద్దాం. సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట. ఉల్లికోడును తట్టుకునే రెండో రకం దానికంటే ముందు పూస్తుంది కనుక ఆ రెండోదాని నారు వారం పది రోజుల తేడాతో మూడుసార్లు పోసుకో. ఎందులోనో ఒకదానిలో పూత కలుస్తుంది. తండ్రిగా తీసుకునే మొక్కలో మొదలు దగ్గర ఊదారంగో, గింజకు మీసమో, ఏదో ఒక కంటికి ఆనే గుణం ఉంటే మేలు. పుట్టిన మొక్కలో అది కనబడితేనే నిజంగా కలిసినట్టు.

సాయంత్రం నాలుగు దాటాక, పొట్ట నుంచి, అంటే ఆకు తొడుగు నుంచి సగం బయటికి వచ్చిన తల్లి వెన్నును, అదే సాంబ మసూరి వెన్నును పట్టుకో. పైన అప్పటికే పూసిన గింజలనూ, అడుగున లేతగా ఉన్నవాటినీ తీసేసి ముప్పై నలభై మాత్రం ఉంచు. ఒక్కో గింజ కొసను మూడో వంతు వాలుగా కత్తిరించు. లోపల ఆరు పుప్పొడి తిత్తులు ఉంటాయి. వాటి మధ్య ఈకల్లాంటి రెండు తెల్లని కుచ్చులు, అవే పుప్పొడిని పట్టుకునేవి. చిమటాతో తిత్తులు ఆరూ తీయాలి, కుచ్చులకు గీత కూడా పడకూడదు. ఐదు తీసి ఒకటి మరిచిపోతే నీ శ్రమంతా సాంబ మసూరికే పోతుంది. పూర్తయ్యాక వెన్నుకు సన్నని కాగితపు సంచి తొడుగు. మర్నాడు తొమ్మిదికీ పదకొండుకూ మధ్య తండ్రి వెన్ను విచ్చుకోగానే తెచ్చి దాని మీద దులుపు. పుప్పొడి ప్రాణం నిమిషాల్లోనే పోతుంది, కాబట్టి గట్టు మీద కబుర్లకు నిలబడకు. నెలలోపు పండిన గింజలు సగం పొట్టుతో, లోపలి బియ్యం బయటికి కనిపిస్తూ ఉంటాయి. అలాంటివి పది చేతికొచ్చినా చాలు.

మడిలో కట్టే చీటీ మీద పెన్సిలుతోనే రాయి. ఒక ఏడు నేను సిరా పెన్నుతో రాశాను. ఒక్క వానకు అక్షరాలన్నీ కరిగిపోయి, ఏది ఏ జత పిల్లో తెలియక పంటంతా అన్నం వండుకున్నాం. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు.

మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటిని చూసి మురిసిపోకు. రెండో తరంలో గుణాలు విడిపోయి పొట్టివీ పొడుగువీ, సన్నవీ లావువీ అన్నీ బయటపడతాయి. అప్పుడు కనీసం ఐదారు వందల మొక్కలు, కుదురుకు ఒకే నారు చొప్పున నాటాలి. ఇది వానాకాలంలోనే పడేలా చూసుకోవాలి. ఉల్లికోడు యాసంగిలో పెద్దగా రాదు, తాకిడి లేనప్పుడు ఏ మొక్క తట్టుకుందో తెలియదు. కొంచెం ఆలస్యంగా నాటు, మందు కొట్టకు. మొవ్వు ఉల్లికాడలా గొట్టమైన ప్రతి మొక్కనూ వదిలెయ్యి. అన్నట్టు, ఉల్లికోడులోనూ తెగలున్నాయి. ఒకచోట నిలిచిన వరి మరోచోట లొంగిపోతుంది. ఎవరో చెప్పిన మాట మీద కాకుండా మన పొలంలో నిలిచినదాన్నే నమ్ము.

గట్టు వెంబడి మొక్కలను ఎంచకు. ఎండా చోటూ ఎక్కువ దొరికి అవి ఏపుగా పెరుగుతాయి. అది వాటి పుట్టుక గొప్ప కాదు. ఎత్తు, పంటకాలం, గింజ సన్నదనం చూసి ఎంచు, దిగుబడి లెక్క తర్వాత. మూడో తరం నుంచి ఒక్కో మొక్క గింజను ఒక్కో వరుసగా నాటు. ప్రతి తరానికీ మొక్క లోపల రెండు రకాల గుణాల కలగలుపు సగానికి సగం తగ్గుతుంది. ఎనిమిదో తరానికి వందలో ఒక పాలు కూడా మిగలదు. ఏటా రెండు పంటలు తీస్తే నాలుగేళ్ల పని.

చివర్లో అడిగావు కదా, మీ ఇంటి పచ్చజొన్న సంగతి. దాన్ని వరిలా చూడకు. జొన్న రాత్రి నుంచి తెల్లవారేలోపు పూస్తుంది, పక్క చేను పుప్పొడి గాలికి వచ్చి చేరుతుంది. విత్తనానికైతే ఇతర జొన్నలకు కనీసం వంద మీటర్ల దూరం ఉండాలి. అంత చోటు లేకపోతే మంచి కంకులు పదిహేను ఇరవై ఎంచి, పూత మొదలుకాకముందే కాగితపు సంచులు తొడుగు. కంకి పైనుంచి కిందికి పూస్తూ వారంలో ముగుస్తుంది. ముగియగానే సంచి తీసెయ్యి, లేకుంటే లోపల పేనుబంక చేరుతుంది. ఆ గింజ మా ఊళ్లో ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. మీ ఇంట్లోది పోగొట్టకు, నాకూ ఒక దోసెడు ఉంచు.

సంకరం వానాకాలంలోనే అయినా, చేతికి అలవాటు ముందే కావాలి. యాసంగిలో నీ రెండు గుంటల్లో మొదటి వెన్ను పొట్ట నుంచి తొంగిచూసిన రోజు ఫోను చెయ్యి. చిన్న కత్తెర, చిమటా నేను తెస్తాను. మధ్యాహ్నం బస్సుకు బయలుదేరితే నాలుగు గంటలకల్లా మీ మడి దగ్గర ఉంటాను. రాత్రికి జొన్న రొట్టె చేయమని అక్కతో చెప్పు.

మీ మామయ్య