ఏటీఎం రూపాయల్లో లెక్క చూపిస్తే వద్దనండి

వచ్చే నెల థాయ్‌లాండ్ వెళ్తున్నాం, అక్కడి డబ్బు బాట్లు ఎలా తీసుకుంటే చౌక, కార్డా, నగదా అని అడిగారు. ఆ ప్రశ్న తర్వాత. ముందు మా సంగతి వినండి.

2023లో నేనూ మా ఆవిడా బ్యాంకాక్ వెళ్లాం. బయలుదేరే ముందు ఆమె హైదరాబాద్‌లో నాలుగు వంద డాలర్ల నోట్లు కొంది. డాలరు 83.60 చొప్పున 33,440 రూపాయలు, పైన 60 రూపాయలు జీఎస్టీ. ఈ రోజుల్లో నోట్లు మూటగట్టుకుని ఎవరు వెళ్తారని వెక్కిరించాను.

సువర్ణభూమి విమానాశ్రయంలో దిగాక పైనున్న డబ్బు మార్చే కౌంటర్లన్నీ దాటించి, ఊళ్లోకి వెళ్లే రైలు స్టేషన్ ఉన్న అట్టడుగు అంతస్తుకు నన్ను లాక్కెళ్లింది. అక్కడి కౌంటర్లలో ఊళ్లో ధరకు దగ్గరగా ఇస్తారని ఎవరో స్నేహితురాలు చెప్పిందట. కౌంటర్లోని అమ్మాయి ఒక్కో నోటునూ వెలుగుకు పట్టి చూసి, వేలితో అంచులు తడిమి, డాలరుకు 34.90 బాట్ల చొప్పున 13,960 బాట్లు చేతిలో పెట్టింది. నా పర్సులో ఎప్పటివో రెండు ఇరవై డాలర్ల నోట్లుంటే అవీ తీశాను. ఆమె మాట్లాడకుండా బోర్డు చూపించింది. చిన్న నోట్లకు ధర తక్కువ! డాలరంటే డాలరే కదా అని వాదించబోయి, వరసలో వెనకున్నవాళ్లు విసుక్కుంటుంటే నోట్లు వెనక్కి తీసుకున్నాను.

మూడో రోజు ప్రతునామ్‌లో బట్టలు కొంటుంటే డబ్బు అయిపోవచ్చింది. ఇక నా వంతు అనుకుని వీధిలో కనిపించిన ఏటీఎంలో కార్డు పెట్టి 10,000 బాట్లు అడిగాను. రుసుము 220 బాట్లు అంది. సరేనన్నాను. తర్వాత తెర మీద ఇంకో లెక్క వచ్చింది: మీ ఖాతా నుంచి 25,754 రూపాయలు, సమ్మతమా? పరాయి ఊళ్లో మన రూపాయి కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. పైగా కాదంటే కార్డు మింగేస్తుందేమోనని భయం. సమ్మతమే అని నొక్కాను. వద్దని నొక్కినా డబ్బు వచ్చేదే! అప్పుడు లెక్క కట్టేది మన బ్యాంకు. మామూలు డెబిట్ కార్డు మీద అది అదనంగా 3.5 శాతం దాకా వేసుకున్నా, ఏటీఎం కట్టిన ఈ ధర కంటే నయమే. అంతా అయ్యాక మా బ్యాంకు తన వంతుగా 125 రూపాయలూ, దాని మీద జీఎస్టీ లాగింది.

ఆ రాత్రి హోటల్ బిల్లు వెనక మా ఆవిడ లెక్క వేసింది. బాటు తనకు 2.40 పడింది, నాకు 2.59. పదివేల బాట్లకు 1,900 రూపాయల తేడా.

అందరూ జీఎస్టీ అని గుండెలు బాదుకుంటారు. లక్ష రూపాయల డాలర్లు కొన్నా అది 180 రూపాయలే. అసలు కోత ధరలో ఉంటుంది. కమీషన్ లేదని బోర్డు పెట్టినవాడు ఆ కమీషన్‌ను ధరలోనే కలిపేస్తాడు. కూరగాయల బండి దగ్గర కరివేపాకు కొసరు అడిగి తీసుకునే మనం డాలర్ల కౌంటర్ దగ్గర మాత్రం ఎందుకు నోరెత్తమో నాకు అర్థం కాదు. మూడు చోట్లకు ఫోన్ చేసి, నాలుగు వందల డాలర్లు చేతికి రావాలంటే అన్నీ కలిపి ఎంత కట్టాలని అడగండి. రెండో చోటి ధర మూడో చోట చెప్తే దిగివస్తారు, నేను చూశాను.

బాట్లు మాత్రం ఇక్కడ కొనకండి, డాలర్ల మీద కంటే వాటి మీద ఎక్కువ గుంజుతారు. వంద డాలర్ల నోట్లే అడగండి, సిరా గీతలూ చిరుగులూ లేనివి. విదేశీ ఖర్చు మీద అదనంగా ఏమీ వేయని కార్డు మీ దగ్గర ఉంటే హోటల్‌కూ పెద్ద దుకాణాలకూ అదే వాడండి. ఏటీఎంకు వెళ్లక తప్పకపోతే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. వెయ్యి తీసినా పదివేలు తీసినా రుసుము అంతే.

ఆ ఇరవై డాలర్ల నోట్లు రెండూ ఇంకా మా బీరువాలోనే ఉన్నాయి. నేను ఏదైనా డబ్బు సలహా ఇవ్వబోతే మా ఆవిడ వెళ్లి వాటిని తెచ్చి బల్ల మీద పెడుతుంది.