గది అద్దె పేరుతో బిల్లంతా కోసేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచాం. బిల్లు రూ.2,54,000 అయింది. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు రూ.5,000. మేం రూ.8,000 గది తీసుకున్నామంటూ బీమా కంపెనీ రూ.1,58,750 మాత్రమే ఇచ్చింది. మిగతా రూ.95,250 అప్పు తెచ్చి కట్టాం. మందుల బిల్లు మీద కూడా అనుమానం ఉంది. కట్టేశాక ఇక అడగడానికి లేదా?

జవాబు: నిక్షేపంగా అడగవచ్చు. డిశ్చార్జి కౌంటర్ దగ్గర, అమ్మను ఇంటికి తీసుకెళ్లాలన్న ఆత్రంలో కట్టిన డబ్బు బిల్లుకు ఒప్పుకున్నట్టు కాదు.

మీరు పంపిన కాగితాలు చూశాను. గది అద్దె 32,000, సర్జన్, థియేటర్ తదితర ఛార్జీలు 96,000, ఇంప్లాంట్ (అమర్చిన కృత్రిమ కీలు) 70,000, మందులు 40,000, పరీక్షలు 16,000. కంపెనీ చేసిందల్లా 8,000లో 5,000 ఎంత వంతో చూసి, మొత్తం బిల్లుకూ అదే వంతు ఇవ్వడం. తప్పు అక్కడే ఉంది. ఈ ప్రపోర్షనేట్ డిడక్షన్‌ను మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు వర్తింపజేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే స్పష్టం చేసింది. మీ పాలసీ పత్రంలో 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' (ఈ కోత వర్తించే ఖర్చులు) నిర్వచనం తీసి చదవండి. పెద్ద గది తీసుకున్నంత మాత్రాన ఇంప్లాంట్ ధర పెరగదు కదా! ఈ మూడు పద్దుల మీద అన్యాయంగా కోసింది రూ.47,250.

ఇంకో మాట. గదిని బట్టి సర్జన్ ఫీజు మార్చని ఆస్పత్రులు కొన్ని ఉన్నాయి. మీ ఆస్పత్రి అలాంటిదైతే ఆ 96,000 మీద కోసిన రూ.36,000 కూడా రావాలి. 'మా దగ్గర అన్ని గదులకూ ఒకే రేటు' అని ఆస్పత్రి నుంచి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. గది అద్దెలో తేడా రూ.12,000 మాత్రం మీరే భరించాలి, దాని గురించి వాదించవద్దు.

ఇక మందుల సంగతి. మీ దగ్గరున్న బిల్లులో 'ఫార్మసీ' అని ఒకే అంకె ఉంది. ఐటమ్‌వారీ బిల్లు, కేస్ షీట్, నర్సులు రాసే మందుల చార్టు కాపీలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. బిల్లు, చార్టు రెండూ పక్కపక్కన పెట్టుకుని తేదీల వారీగా టిక్కులు కొట్టండి. బిల్లులో 14 ఇంజెక్షన్లు ఉండి, చార్టులో 9 మాత్రమే వేసినట్టు ఉంటే, ఆ ఐదు ఎక్కడికి పోయాయో ఆస్పత్రి చెప్పాలి. 'బిల్లు ఎక్కువ వేశారు' అంటే ఎవరూ కదలరు. ఫలానా తేదీన ఫలానా మందు అంటే జవాబు ఇవ్వక తప్పదు.

బీమా కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి ఈ లెక్కంతా పెట్టి ఈ–మెయిల్ చేయండి. ఫోన్‌లో ఎంత మాట్లాడినా రుజువు మిగలదు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, మాలాంటి లాయర్ల అవసరమూ లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి. అంబుడ్స్‌మన్ తీర్పుకు కంపెనీ కట్టుబడాల్సిందే.

అయితే అంబుడ్స్‌మన్ ఆస్పత్రి జోలికి పోరు. మందుల లెక్క తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనే దారి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. గడువు రెండేళ్లు. బీమా కంపెనీ మీద ముందే కమిషన్‌లో కేసు వేస్తే, అదే విషయం మీద అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి కంపెనీ మీద ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్' (ఇక రావాల్సిందేమీ లేదు) అని కంపెనీ ఏదైనా కాగితం పంపిస్తే మాత్రం సంతకం పెట్టకండి. తప్పనిసరైతే సంతకం పైన 'అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను' అని మీ చేతిరాతతో రాసి, ఫోటో తీసి దాచుకోండి.