17వ నిమిషం దగ్గర

అమ్మాయీ,

నువ్వు పంపిన ఇంటర్వ్యూ రికార్డింగు రెండుసార్లు విన్నాను. దానితోపాటు శుభ్రంగా టైపు చేసి పంపిన కాగితాలు మాత్రం పక్కన పెట్టేశాను. ఏమీ అనుకోకు. కాగితం మీదికి ఎక్కేసరికి ఎవరైనా మర్యాదస్తులే. ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు నోరు తెరిచినట్టు ఉంటుంది. ఎవరి మాటకు ఎవరు అడ్డం వచ్చారో రికార్డింగు వింటేనే తెలుస్తుంది.

"ప్రశ్నలు ఎలా ఉన్నాయి మాస్టారూ?" అని అడిగావు. ప్రశ్నలకేం, బాగున్నాయి. జీవితమంతా నాటకాలకు ప్రాంప్టరుగా, అంటే తెర పక్కన ఉండి నటులు మరిచిన డైలాగులు అందిస్తూ గడిపిన మనిషిని వెతికి పట్టుకోవడంతోనే సగం పని అయిపోయింది. మిగతా సగం ఆయనే చేసిపెట్టబోయారు. నువ్వు చేయనివ్వలేదు.

17వ నిమిషం దగ్గర ఇంకోసారి విను. నటుడు డైలాగు మరిచిపోయి ఆగాడా, కావాలనే ఆగాడా అన్నది తెర పక్కన చీకట్లో కూర్చున్న తనకు ఎలా తెలుస్తుందో చెబుతున్నారు. "ఊపిరిని బట్టి తెలుస్తుందమ్మా. మరిచిపోయినవాడు ఊపిరి బిగపడతాడు. నటించేవాడు వదులుతాడు" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేనైతే రోజంతా కూర్చునేవాణ్ణి. తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కసారి మాత్రం... తెలిసి తెలిసీ అందించలేదు నేను" అన్నారు. కుర్చీ కిర్రుమంది. ఆయన ఊపిరి వదలడం మైకులో స్పష్టంగా పడింది. వెంటనే నీ గొంతు: "అబ్బ, ఎంత కష్టమైన పనో కదండీ! ఇంతకీ మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారు?"

గడియారం దగ్గర పెట్టుకుని చూశాను. ఆయన ఆగడానికీ నువ్వు మొదలుపెట్టడానికీ మధ్య సెకను కూడా లేదు. పాపం, ఆయన మారుమాట లేకుండా చిన్నప్పటి కబుర్లలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు వేదిక మీద నోట మాట రాక నిలబడిపోయింది ఎవరో, ఈయన ఎందుకు అందించలేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇందులో నీ ఒక్కదాని తప్పేమీ లేదులే. మనిషి మాట్లాడే తీరే అంత. 10 భాషల సంభాషణలను పక్కపక్కన పెట్టి కొలిచిన పరిశోధన ఒకటి 2009లో వచ్చింది. ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి భాషను బట్టి కాస్త అటూ ఇటూ అవుతున్నా, మొత్తం మీద సగటు సెకనులో అయిదో వంతు. మరోపక్క, ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే ఆ ఒక్క మాట నోటికి రావడానికే అర సెకను పైన పడుతుంది. లెక్క కుదరడం లేదు కదా? ఎలా కుదురుతుందంటే, ఎదుటివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మనం లోపల జవాబు అల్లుకోవడం మొదలుపెడతాం. మామూలు కబుర్లకు అది మంచిదే, లేకపోతే మాట మాటకీ ఆగి ఆలోచించుకుంటూ కూర్చోవాలి. ఇంటర్వ్యూలో మాత్రం కొంప ముంచుతుంది. అల్లికలో పడ్డ చెవికి వాక్యం చివరి ముక్క సగమే అందుతుంది.

తెలుగులో అసలు సంగతంతా ఆ చివరి ముక్కలోనే ఉంటుంది. మన క్రియ కూర్చునేది అక్కడ. అవునూ కాదూ తేలేది అక్కడ. ఉదాహరణకు, "వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడుగుదాం" వరకూ విని, ఆయన క్షమాపణ అడిగారని నువ్వు రాసేసుకుంటావు. "అనుకున్నాను గానీ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను" అన్నది ఇంకా ఆయన నోట్లోనే ఉంటుంది. నోట్లో మాట నోట్లో ఉండగానే అందుకుంటే మన చేతికి వచ్చేది ఆ మొదటి సగమే.

నా సంగతి కూడా చెబుతాను, నీకు కాస్త ఊరటగా ఉంటుంది. రేడియోకు పనిచేసే రోజుల్లో ఒక నర్సుతో మాట్లాడాను. అప్పటికే రిటైరయ్యారు. ఒక రాత్రి డ్యూటీ గురించి చెబుతూ, "బయట ఎవరో అరుస్తున్నారు. నేను వార్డు తలుపు తీయలేదు. ఎందుకంటే..." అని ఆగారు. నేను జాలి పడి, "భయం వేసి ఉంటుంది" అన్నాను. "ఆఁ, భయమే" అన్నారు ఆవిడ. కార్యక్రమం అలాగే ప్రసారమైంది. కొన్ని వారాల తర్వాత ఏదో పని మీద ఫోన్ చేస్తే మాటల్లో చెప్పారు: "భయం కాదండీ. మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేని పిల్లవాడు అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. ఆ తలుపు తీస్తే చప్పుడవుతుంది." మరి ఆ రోజే చెప్పలేదేమని అడిగాను. "మీరు అంత ఇదిగా అన్నాక కాదనడం బాగుండదని ఊరుకున్నాను" అన్నారు.

చూశావా? నేనేదో ఆవిడకు మాట సాయం చేస్తున్నాననుకున్నాను. చేసింది మాత్రం నా పిరికితనాన్ని ఆవిడకు అంటగట్టి, దాన్ని ఆవిడ గొంతుతోనే నలుగురికీ వినిపించడం. మాట లాక్కుంటే జనం కనీసం గుర్తుపడతారు, కొందరు కోప్పడతారు కూడా. సానుభూతితో పూరించిన మాటను ఎవరూ కాదనరు. మర్యాదస్తులైతే అసలే కాదనరు. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గర ఉంది. "ఆఁ, భయమే" అనేముందు ఒక చిన్న తటపటాయింపు ఉంటుంది. అప్పుడు నా చెవిన పడలేదు.

"అయితే బొమ్మలా కూర్చోమంటారా?" అంటావు. అలా కూర్చున్నా ముప్పే. 2000లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరిని తృటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పమన్నారు. వినేవాళ్ళలో కొందరికి మాత్రం రహస్యంగా ఒక పని అప్పగించారు: ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. వాళ్ళు అడ్డు తగల్లేదు, అలాగని కథలోనూ లేరు. దాంతో చెప్పేవాళ్ళ కథే కుంటుపడింది. ముఖ్యంగా ఉత్కంఠ పండాల్సిన ముగింపు దగ్గర చెప్పిందే చెప్పడం, ఇది ఎందుకు ప్రమాదమో వివరణలు ఇచ్చుకోవడం. ఊ కొట్టేవాళ్ళు లేకపోతే కథ సాగదని కథలు చెప్పేవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. ప్రశ్నల కాగితం వంక చూస్తూ తలాడించే నువ్వు ఆ అక్షరాలు లెక్కపెట్టే మనిషివే.

ఊ కొట్టడంలోనూ రకాలున్నాయి. నిదానంగా, మాట పడాల్సిన చోట పడ్డాక వచ్చే 'ఊఁ' చెప్పేవాళ్ళకు దన్ను. గబగబా వచ్చే 'ఊఁ, ఊఁ, ఊఁ' అంటే "అర్థమైంది, ఇక కానివ్వండి" అనే. నీ రికార్డింగులో రెండో రకమే ఎక్కువ. పైగా ప్రసారానికైతే ఆ మొదటి రకం కూడా మింగెయ్యాలి. వార్తా ఇంటర్వ్యూలను పరిశీలించినవాళ్ళు గమనించిన సంగతే ఇది: అనుభవమున్న యాంకర్లు 'ఊఁ', 'అలాగా', 'అయ్యో' లాంటివి దాదాపు వాడరు. ఆ జవాబు తమకోసం కాదు, వింటున్న జనం కోసం కాబట్టి. 'అవునవును' అంటే ఆ మాటకు వంత పాడినట్టూ అవుతుంది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర అసలు బాధ వేరే ఉంది. ఆయన మాట మీద నీ 'ఊఁ' పడిందంటే దాన్ని విడదీయడం కష్టం. కాబట్టి కళ్ళతో ఊ కొట్టు. తలతో కొట్టు. నీ ముఖం మైకుకు కనపడదు, ఆయనకు కనపడుతుంది.

టైము చాలదని నువ్వు కంగారుపడిన మాట నిజమే, రెండుచోట్ల గడియారం చూసుకున్నట్టు గొంతులోనే తెలిసిపోయింది. డాక్టర్లకూ ఇదే కంగారు. 1984లో అమెరికాలో 74 సంప్రదింపులను రికార్డు చేసి చూస్తే, రోగి తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టిన 18 సెకన్లకు, సగటున, డాక్టరు అడ్డం వస్తున్నాడు. చెప్పనిస్తే గంటలు గంటలు చెబుతారని భయం. 2002లో స్విట్జర్లాండులో 335 మందిని నిజంగానే చెప్పనిచ్చి చూశారు. సగటున 92 సెకన్లలో వాళ్ళే ఆపేశారు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లో ముగించారు. మీ ప్రాంప్టరు గారి ఆ ఒక్క సంఘటనకు ఎంత పట్టేది? మహా అయితే మూడు నిమిషాలు. ఆయన చదివిన బడి గురించి నువ్వు ఏడు నిమిషాలు అడిగావు.

ఇది కొత్తవాళ్ళ జబ్బు మాత్రమే కాదు. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన లిండన్ జాన్సన్ జీవితచరిత్ర మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న అమెరికన్ రచయిత రాబర్ట్ కారో, ఎదుటివాళ్ళు మౌనంగా ఉన్నప్పుడు తాను తొందరపడకుండా నోట్‌బుక్‌లో 'ఎస్‌ యు' అని రాసుకుంటాడట. నోరు మూసుకో అనే ఇంగ్లీషు మాటకు పొడి అక్షరాలు. ఆయన నోట్‌బుక్కుల నిండా అవేనట. నాకు అంత కటువుగా రాసుకోవడం ఇష్టం లేక 'ఆగు' అని రాసుకునేవాణ్ణి. తర్వాత తర్వాత అది కూడా మానేసి బొటనవేలితో చూపుడువేలిని నొక్కి పట్టుకోవడం అలవాటైంది. ఎదుటివాళ్ళు ఆగాక మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టు. మొదట్లో ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. రెండో అంకె దగ్గర ఎదుటి మనిషి నీ వంక చూస్తాడు. మూడో అంకె దగ్గర చూపు దించుకుంటాడు. నాలుగో అంకె దాకా వెళ్ళడం నాకు అరుదుగా అవసరమైంది. ఫోన్లోనో వీడియో కాల్‌లోనో అయితే ఇంకో రెండు కలుపుకో, అక్కడ మాటే ఆలస్యంగా చేరుతుంది.

ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడిన ప్రతిసారీ నేరమేనని మాత్రం అనుకోకు. డెబోరా టానెన్ అనే భాషాశాస్త్రవేత్త 1978లో ఒక విందులో స్నేహితుల మాటలు రికార్డు చేసి విప్పి చూసింది. కొందరు కలగజేసుకుంటూ మాట్లాడటమే ప్రేమ అనుకుంటారు. ఎదుటివాళ్ళు ఉత్సాహంగా అడ్డం రాకపోతే తమ మాట వాళ్ళకు పట్టలేదనుకుంటారు. ఇంకొందరికి అదే మొరటుతనం. మాట అందుకోవడం, అందించడం, లాక్కోవడం మూడూ వేరని మన భాషకే తెలుసు. ఎదుటి మనిషి ఏ రకమో మొదటి పది నిమిషాల్లో పసిగట్టాలి. మీ పెద్దాయన వృత్తిరీత్యా మౌనానికి అలవాటుపడ్డ మనిషి.

అడ్డుపడటమే బాధ్యత అయ్యే సందర్భాలూ ఉన్నాయి. అధికారంలో ఉన్నవాడు అడిగినదానికి కాకుండా తనకు నచ్చినదానికి జవాబు చెబుతుంటే వినయంగా వింటూ కూర్చోవడం శ్రోతలకు ద్రోహం. 1997 మేలో బీబీసీ టీవీ కార్యక్రమం న్యూస్‌నైట్‌లో జెరెమీ పాక్స్‌మన్ బ్రిటన్ మాజీ హోం మంత్రి మైకేల్ హోవర్డ్‌ను ఒకే ప్రశ్న దాదాపు డజను సార్లు అడిగాడు. జైళ్ళ అధిపతి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా, లేదా? తర్వాత రావాల్సిన టేపు సిద్ధంగా లేకపోవడంతో సాగదీయాల్సి వచ్చిందని పాక్స్‌మన్ తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు, అది వేరే కథ. దాన్ని దూకుడుకు ఉదాహరణగా చెబుతుంటారు. నాకైతే అది వినికిడికి ఉదాహరణ. ప్రతి జవాబునూ చివరిదాకా పట్టుకుని, ఇది నేనడిగినదానికి కాదని గుర్తుపట్టగలిగినవాడే అదే ప్రశ్న మళ్ళీ అడగగలడు. సగం విన్నవాడు తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాడు, నీలాగే.

కోపం వచ్చిందా? రానీ. నీ వయసులో ఉండగా నాకు ఈ మాట చెప్పినాయన మీద నాకూ వచ్చింది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. వ్యాసం అప్పుడే ఎక్కడికీ పంపకు. పెద్దాయనకు ఫోన్ చేసి ఇంకో గంట అడుగు. వెళ్ళేటప్పుడు ప్రశ్నల కాగితం ఇంట్లో వదిలి వెళ్ళు. రికార్డరు ఆన్ చేశాక, "ఒక్కసారి మాత్రం తెలిసి తెలిసీ అందించలేదన్నారు" అని ఆయన మాటే ఆయనకు తిరిగి ఇచ్చి ఊరుకో. ఎందుకు అని అడగకు. ఆయన ఊపిరి బిగపడతారో వదులుతారో విను. ఆ తేడా నీకు నేర్పింది ఆయనే కదా.

రికార్డింగు ఒక్కటే పంపు. టైపు చేసింది వద్దు.

మీ
మాస్టారు