రంగు చూసి లెక్క రాయొద్దు పాపా

పాపా,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతులో సంతోషం విని వెంటనే ఏమీ అనలేకపోయాను. ఎర్రచందనం సారం వేసిన వెల్స్‌లో, అంటే ప్లేటులోని చిన్న గుంటల్లో, ఎంటీటీ అనే రంగు పరీక్ష రీడింగ్ పెరిగింది, కాబట్టి ఫైబ్రోబ్లాస్ట్ సెల్స్ (చర్మం లాంటి వాటిని కలిపి ఉంచే కణజాలపు కణాలు) సంఖ్యలో పెరుగుతున్నాయన్నావు. ఆ మాట అప్పుడే నోట్‌బుక్‌లో రాయొద్దు.

1983లో మోస్మన్ అనే శాస్త్రవేత్త ఈ పరీక్ష తెచ్చినప్పటి నుంచీ మూలసూత్రం ఒకటే. బతికున్న సెల్స్‌లోని ఎంజైములు పసుపురంగు ఎంటీటీని ఫార్మజాన్ అనే ఊదారంగు పదార్థంగా మారుస్తాయి. దాన్ని మనం డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, రంగు ఎంత ముదురుగా ఉందో 570 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుతాం. అక్కడ తెలిసేది సెల్స్ ఎంత చురుగ్గా ఉన్నాయన్నదే. ఒక్క సెల్ కూడా రెండుగా విభజన చెందకుండానే రంగు ముదరొచ్చు.

నీ విషయంలో ఇంకో చిక్కుంది. చెట్ల సారాల్లో ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలు సెల్స్ లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చగలవు. నా పీహెచ్‌డీలో ఇదే జరిగింది. మూడు నెలల రీడింగులు చూసుకుని మురిసిపోయాక, సెల్స్ లేని వెల్స్ పెట్టి చూస్తే అవీ ఊదాగానే మారాయి. ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి అన్నం తినలేకపోయాను. నీకు ఆ బాధ వద్దు. మీడియం (సెల్స్‌ని పెంచే పోషక ద్రవం), సారం, ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్స్ తప్పక పెట్టు. ఎర్రచందనానికి సొంత రంగు ఉంది కదా, ఎంటీటీ లేకుండా సారం ఒక్కటే ఉన్న వెల్స్ కూడా కావాలి. అసలు ప్లేటులో ఎంటీటీ వేసే ముందు సారాన్ని తీసేసి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో మెల్లగా కడుగు.

ఆ తర్వాత సెల్స్‌ని లెక్కపెట్టు. విసుగు పనే, కానీ నేను నమ్మేది దాన్నే. సెల్స్ ఉన్న ద్రవంలో అంతే పరిమాణంలో ట్రైపాన్ బ్లూ రంగు కలుపు, నీలంగా మారినవి చచ్చినవి. హీమోసైటోమీటర్‌లో, అంటే సెల్స్ లెక్కపెట్టే గళ్ల గాజు పలకలో, నాలుగు మూలల గళ్లలోని బతికున్న సెల్స్ సగటును 2తో (రంగు కలిపి పలచన చేశాం కాబట్టి), మళ్లీ 10,000తో గుణిస్తే ఒక మిల్లీలీటర్‌లో ఎన్ని ఉన్నాయో వస్తుంది. గీత మీద పడ్డవాటిలో పైవైపు, ఎడమవైపు ఉన్నవే లెక్కలోకి తీసుకో. 24, 48, 72 గంటలకు చెయ్యి. మొదట్లోనే సెల్స్ కిక్కిరిసేలా వేస్తే చోటు లేక పెరుగుదల ఆగిపోతుంది, ఏ సారం వేసినా తేడా కనిపించదు.

మన కడప ఎండలకు గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలుసు కదా. ఇన్‌క్యుబేటర్‌లో నీళ్ల ట్రే ఎండనివ్వకు, తలుపు ఊరికే తియ్యకు. 96 వెల్స్ ప్లేటులో అంచున ఉన్న 36 వెల్స్ త్వరగా ఆరతాయి, వాటిలో పీబీఎస్ పోసి వదిలెయ్.

లెక్కలోనూ పెరుగుదల కనిపిస్తే అప్పుడు ఈడీయూ అనే గుర్తు పదార్థం గురించి మీ మేడమ్‌ని అడుగు. కొత్తగా డీఎన్‌ఏ తయారు చేస్తున్న సెల్స్ డీఎన్‌ఏలోకే అది చేరుతుంది కాబట్టి విభజనకు సిద్ధమవుతున్నవి ఎన్నో సూటిగా తెలుస్తుంది.

ముందు సెల్స్ లేని ప్లేటు పెట్టు. సోమవారం ఆ రీడింగులు నాకు పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మేనత్త