కుక్కతో సముద్రతీరపు పాత నగరాలకి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కుక్కల గురించే. పెంచడం గురించి కాదు, వెంటేసుకుని విదేశాల్లో తిరగడం గురించి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి పంపేసి, వీటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: మేం జర్మనీలో ఉంటాం. ఆగస్టులో పిల్లల సెలవులకి కారులో వెనిస్, క్రొయేషియాలో స్ప్లిట్, డుబ్రోవ్నిక్ చూసుకుంటూ వీలైతే ఇస్తాంబుల్ దాకా వెళ్ళి రావాలని ప్లాన్. మా లాబ్రడార్ రాకీకి ఆరేళ్ళు, వాణ్ణి వదిలి వెళ్ళే ప్రసక్తే లేదు. ఈయూ (యూరోపియన్ యూనియన్) పెట్ పాస్‌పోర్ట్ ఉంది, రేబిస్ టీకా ఉంది. ఇంకేం చూసుకోవాలండీ?

జవాబు: మీ ప్లాన్‌లో నాకు నచ్చనివి రెండున్నాయి, ముందు అవి చెప్పేస్తాను. ఒకటి ఆగస్టు, రెండోది ఇస్తాంబుల్.

మీరు చెప్పినవన్నీ రాతి ఊళ్ళు. కింద రాయి, రెండు పక్కలా రాయి. పొద్దున పది దాటాక వేడెక్కడం మొదలైతే రాత్రి ఎప్పటికో గానీ చల్లారదు. మీ కాళ్ళకి చెప్పులుంటాయి, రాకీకి ఉండవు. అరచేతి వెనక భాగం నేలకి ఆనించి ఐదు సెకన్లు ఉంచి చూడండి, మీరు ఉంచలేకపోతే వాడూ నడవలేడు. పైగా కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే, సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎంత రొప్పినా అక్కడ అంత ఫలితం ఉండదు. లాబ్రడార్లతో ఇంకో చిక్కు ఏమిటంటే అవి వద్దని మొరాయించవు, మీరు నడిచినంతసేపూ నాలుక వేలాడేసుకుని వస్తూనే ఉంటాయి, కూలబడేదాకా మనకి తెలీదు. అక్టోబర్ సెలవులకి మార్చుకోగలిగితే మార్చుకోండి, ఏడ్రియాటిక్ నీళ్ళు అప్పటికీ మరీ చల్లబడవు, జనం కూడా తగ్గుతారు. ఆగస్టు తప్పదంటే మాత్రం తెల్లారి ఆరు నుంచి తొమ్మిది వరకు, మళ్ళీ చీకటి పడ్డాక, ఇంతే రాకీ టైమ్. మధ్యలో వాడు ఏసీ గదిలో, మీలో ఒకరు తోడుగా.

ఊళ్ళు కూడా తగ్గించుకోమంటాను. నన్నడిగితే స్ప్లిట్‌లో ఎక్కువ రోజులుండండి. రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ క్రీ.శ. 305 ప్రాంతంలో కట్టించుకున్న ప్యాలెస్ ఇప్పుడు మ్యూజియంలా తాళం వేసి లేదు, అదే ఊరి నడిబొడ్డు. గోడల మధ్య జనం కాపురాలుంటారు, బట్టలారేసుకుంటారు, కాఫీ తాగుతారు, మీరు టికెట్ లేకుండా పొద్దున్నే రాకీతో పెరిస్టైల్ చౌక్‌లోకి నడుచుకుంటూ వెళ్ళొచ్చు, అక్కడ ఈజిప్ట్ నుంచి తెప్పించిన నల్లరాతి స్ఫింక్స్ ఇంకా కూర్చునే ఉంది. పడమటి వైపు కాస్త నడిస్తే మార్యాన్ కొండ, అంతా చెట్ల నీడ. ఆ కొండ కింద కష్యూని తీరంలో కుక్కలకి విడిగా చోటుంది. యూరప్ తీరాల్లో వేసవిలో చాలా బీచ్‌లు కుక్కల్ని రానివ్వవు కాబట్టి ఇది చిన్న విషయమేం కాదు.

స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్ళేప్పుడు నావిగేషన్ ఏ దారి చూపిస్తోందో గమనించండి. మధ్యలో న్యూమ్ దగ్గర బోస్నియాకి చిన్న తీరం ఉంది, పాత దారిలో పోతే ఈయూ బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి, అంటే రెండు బోర్డర్లు, రెండుసార్లు కుక్క కాగితాలు. 2022 జులైలో పెల్యేషాట్స్ వంతెన తెరిచారు, రెండున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ, దాని మీదుగా వెళ్తే క్రొయేషియాలోనే ఉంటారు. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియా షెంగెన్‌లో (మధ్యలో మామూలుగా సరిహద్దు తనిఖీలుండని దేశాల కూటమిలో) కూడా ఉంది. అయినా పెట్ పాస్‌పోర్ట్ సూట్‌కేసులో అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి.

డుబ్రోవ్నిక్‌లో స్ట్రాడున్ వీధి ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో కుక్కకి అంత కష్టం. శతాబ్దాల తరబడి జనం నడిచి నడిచి ఆ సున్నపురాయి నున్నబడిపోయింది, వాన లేకపోయినా తడిసినట్టే మెరుస్తుంటుంది. పక్క సందులోంచి పిల్లి కనబడి కుక్క ఒక్కసారిగా మళ్ళిందంటే వెనక కాళ్ళు రెండూ పక్కకి జారిపోతాయి, గోళ్ళు బరబరా గీసుకుంటాయి, అప్పట్నుంచి అది వీధి మధ్యకి రాకుండా గోడ వారనే అతుక్కుని నడుస్తుంది. (పిల్లి కచ్చితంగా కనబడుతుంది, ఆ ఊళ్ళో వాటిదే రాజ్యం.) బయల్దేరేముందే గోళ్ళు తీయించండి, వేళ్ళ మధ్య వెంట్రుకలు కత్తిరించండి. ఇక కోటగోడ. మొత్తం 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, మెట్లే మెట్లు, నీడ దాదాపు లేదు. రాకీని ఎక్కించే ఆలోచనే పెట్టుకోకండి, వంతులేసుకుని చూడండి. కింద ఉన్నవాళ్ళకి పైలే గేటు లోపల ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంది, 1438లో కట్టింది, చుట్టూ 16 ముఖాల నోళ్ళలోంచి నీళ్ళొస్తాయి, అవి ఇప్పటికీ తాగే నీళ్ళే. గిన్నె నింపి రాకీకి పెట్టి, అక్కడే నీడన కూర్చుంటే సరి.

ఇప్పుడు ఇస్తాంబుల్. టర్కీలోకి వెళ్ళడం కన్నా తిరిగి రావడం దగ్గర చాలామంది దొరికిపోతారు. రేబిస్ విషయంలో ఈయూ నమ్మే దేశాల జాబితాలో టర్కీ లేదు. అంటే అక్కణ్ణుంచి వెనక్కి రావాలంటే రాకీకి రేబిస్ యాంటీబాడీ టైటర్ టెస్ట్ (టీకా ఒంట్లో పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష) ఉండాలి: టీకా వేసిన 30 రోజులకి తగ్గకుండా రక్తం తీసి ఈయూ ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి, ఫలితం మిల్లీలీటరుకి 0.5 ఐయూ లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. ఇది ఈయూ దాటకముందే చేయించి పాస్‌పోర్ట్‌లో ఎక్కించుకుంటే వెనక్కి వచ్చేప్పుడు ఎదురుచూపులు లేవు. మర్చిపోయి వెళ్ళిపోయారో, అక్కడ రక్తం తీయించి, తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. మీ ఆగస్టు టూర్ కాస్తా నవంబర్ దాకా సాగుతుంది. స్పెయిన్‌లో తరీఫా నుంచి టాంజియర్‌కి ఫెర్రీలో గంటే కదా, ఒక్క పూట మొరాకో చూసొద్దాం అనుకునేవాళ్ళదీ ఇదే కథ. టెస్ట్ ఒకసారి పాసై, ఆ తర్వాత టీకాలు గడువు దాటకుండా వేయిస్తూ ఉంటే మళ్ళీ చేయించక్కర్లేదు, కాబట్టి డబ్బు దండగ అనుకోకండి. అయినా ఈ ఏడు ఇస్తాంబుల్ తీసేయమనే నా సలహా. అక్కడ వీధికుక్కలు మామూలుగా శాంతంగానే ఉంటాయి గానీ, లీష్ కట్టిన కొత్త కుక్క తమ సందులోకి వచ్చిందంటే చూస్తూ ఊరుకోవు.

ప్రశ్న: ఇండియా నుంచి రెండు వారాలకి లిస్బన్, పోర్టో వెళ్తున్నాం. మా ఇండీ కుక్కని తీసుకెళ్ళొచ్చా? ఇంకా రెండు నెలల టైముంది.

జవాబు: రెండు నెలలు చాలవు. రేబిస్ విషయంలో ఈయూ నమ్మే దేశాల జాబితాలో ఇండియా కూడా లేదు. ముందు 15 అంకెల ఐఎస్‌ఓ మైక్రోచిప్, చిప్ వేశాకే రేబిస్ టీకా (చిప్‌కి ముందు వేసిన టీకాని లెక్కలోకి తీసుకోరు, చాలామందికి ఇక్కడే మళ్ళీ మొదటికొస్తుంది), ఆ తర్వాత 30 రోజులకి రక్తం, అక్కణ్ణుంచి మూడు నెలలు. తక్కువలో తక్కువ నాలుగు నెలల పని. దాని మీద ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చే ఆరోగ్య సర్టిఫికెట్, అది ఇచ్చిన పది రోజుల్లోగా ఈయూలో దిగాలి, అదీ ఏ విమానాశ్రయంలో పడితే అక్కడ కాదు, పెంపుడు జంతువుల కోసం నిర్ణయించిన చోటే. తిరిగి వచ్చేప్పుడు కావాల్సిన ఎన్‌ఓసీ గొడవ వేరే.

ఇల్లు మారిపోతున్నవాళ్ళకి ఇదంతా పడాల్సిన పాట్లే. రెండు వారాల కోసం మాత్రం వద్దంటాను. ఇండీ సైజు కుక్క క్యాబిన్‌లోకి రాదు, కింద సామాన్లు పెట్టే హోల్డ్‌లోనే ప్రయాణం, అన్ని గంటలు అక్కడ ఉండి దిగాక లిస్బన్ అల్ఫామా మెట్ల మీద ట్రామ్ గంటల మధ్య తిరగడం దానికి విహారయాత్ర అవుతుందా? నమ్మకమైన మనిషికి అప్పజెప్పి వెళ్ళండి. బెంగ మీకే ఎక్కువుంటుంది, దానికి రెండో రోజుకి సర్దుకుంటుంది.

ప్రశ్న: వెనిస్‌లో బస్సులు, ఆటోలు ఏవీ ఉండవు కదా, కుక్కతో ఎలా తిరుగుతారు? అసలు రానిస్తారా?

జవాబు: రానిస్తారు, ఆ ఊరివాళ్ళే బోలెడుమంది పెంచుతారు. కారు పియాజాలే రోమా దగ్గర ఆగిపోతుంది, అక్కణ్ణుంచి కాళ్ళు లేదా వాపొరెట్టో పడవ. పడవలో కుక్కకి లీష్, మజిల్ (మూతికి తొడిగే బుట్ట) రెండూ ఉండాలి, చిన్నవైతే క్యారియర్‌లో పెట్టుకోవచ్చు. అసలు ఇటలీ మొత్తానికీ 2013 నుంచి ఒక నియమం ఉంది: ఊళ్ళో లీష్ మీటరున్నరకి మించకూడదు, మజిల్ తొడగకపోయినా దగ్గర ఉండాలి, శుభ్రం చేసే సంచులుండాలి. మజిల్ అక్కడికెళ్ళి కొనకండి. ఇంట్లోనే లోపల తినేదేదైనా పెట్టి, దానంతటదే మూతి దూర్చేలా అలవాటు చేయండి, లేకపోతే ఊగే పడవలో, జనం కాళ్ళ మధ్య, మొదటిసారి తొడిగితే అది చేసే గోల మీరు తట్టుకోలేరు.

వెనిస్‌లో వంతెనలు నాలుగు వందలకి పైనే, దాదాపు అన్నిటికీ మెట్లే. కీళ్ళనొప్పులున్న ముసలి కుక్కకి ఇది ఊరు కాదు. గడ్డి మీదే పని కానిచ్చే కుక్కలకీ కష్టమే, తూర్పు చివర సాంతెలెనా పార్కు, జార్దీనీ తోటలు తప్ప పెద్దగా పచ్చదనం కనపడదు, అందుకే బస ఆ వైపున్న కాస్తెల్లో పేటలో చూసుకోండి, రేటూ కొంత నయం, జనమూ తక్కువ. చౌక్‌ల మధ్య పాత రాతి బావులు కనిపిస్తాయి, ఇప్పుడు మూతలు బిగించేశారు. కొన్నిటి మొదట్లో చిన్న రాతి తొట్టె చెక్కి ఉంటుంది, జంతువులు నీళ్ళు తాగడానికి. చర్చిల్లోకి కుక్కని రానివ్వరు కాబట్టి అక్కడా వంతులే. స్కోలా ది సాన్ జోర్జో దేలి స్కియావోనీ అనే పాత భవనానికి మీ వంతు వచ్చినప్పుడు తప్పకుండా వెళ్ళండి, చిత్రకారుడు కార్పాచో 1502లో వేసిన సెయింట్ అగస్టీన్ బొమ్మలో గది మధ్య నేల మీద ఓ బుల్లి తెల్లకుక్క కూర్చుని యజమానితో పాటు కిటికీ వైపే చూస్తుంటుంది, నాకైతే సెయింట్ కన్నా అదే బాగా గుర్తుండిపోయింది.

ప్రశ్న: మా పగ్‌ని విమానంలో ఏథెన్స్ తీసుకెళ్ళాలి. టికెట్ ఇవ్వడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: వాళ్ళు ఇవ్వకపోవడమే మంచిదైంది. మూతి నొక్కుకుపోయిన జాతులకి ఊపిరి మామూలప్పుడే ఇబ్బంది, హోల్డ్ వేడిలో ప్రాణం మీదికొస్తుంది, అందుకే చాలా ఎయిర్‌లైన్స్ తీసుకోవు. కొన్ని క్యాబిన్‌లోకి రానిస్తాయి, బ్యాగ్‌తో కలిపి ఎనిమిది కిలోల్లోపు అంటాయి, మీ పగ్ తూగుతుందేమో చూసుకోండి. తూగినా ఏథెన్స్ ఎండల్లో మాత్రం వద్దు.

ప్రశ్న: మధ్యధరా తీరంలో ఏదో ఈగ కుడితే కుక్కలకి నయంకాని జబ్బు వస్తుందట. నిజమేనా? పిల్లలు ఒకటే టెన్షన్ పడుతున్నారు.

జవాబు: నిజమే. శాండ్‌ఫ్లై అంటారు, దోమ కన్నా చిన్నది, చప్పుడు చేయదు, మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోతుంది. దాని ద్వారా లీష్మానియాసిస్ వస్తుంది. కుట్టిన నెలలకి, ఒక్కోసారి ఏళ్ళకి బయటపడుతుంది: చర్మం పొట్టు రేగడం, గోళ్ళు విపరీతంగా పెరగడం, బరువు తగ్గడం, ఆఖరికి కిడ్నీలు. మందులతో అదుపులో ఉంచొచ్చు గానీ పూర్తిగా పోవడం అరుదు. ఇది కుట్టేది పొద్దు వాలింది మొదలు తెల్లారేదాకా, వెచ్చటి నెలల్లో. చిక్కెక్కడంటే, ఎండ తప్పించుకోడానికి మనం కుక్కని తిప్పేదీ సరిగ్గా అప్పుడే. అందుకని డెల్టామెత్రిన్ ఉన్న కాలర్ బయల్దేరడానికి వారం రెండు వారాల ముందే కట్టండి, అది ఒంటికి పట్టడానికి ఆ మాత్రం టైము కావాలి. రాత్రుళ్ళు కుక్కని బాల్కనీలో పడుకోబెట్టకండి. టీకా కూడా ఉంది, మీ వెట్‌ని అడగండి. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ ఉన్న డ్రాప్స్ జోలికి పోవద్దు, పిల్లులకి అది విషం. తిరిగొచ్చిన కొన్ని నెలలకి రక్తపరీక్ష ఒకటి చేయిస్తే మీకూ నిశ్చింత.

వేసవి వద్దని వసంతంలో వెళ్ళేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. స్పెయిన్, పోర్చుగల్, ఇటలీల్లో పైన్ చెట్ల మీంచి గొంగళిపురుగులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నేల మీదికి దిగుతాయి. కుక్క మూతి పెట్టిందంటే వాటి నూగు గుచ్చుకుని నాలుక వాచి కుళ్ళిపోయే ప్రమాదముంది. రుద్దకుండా నీళ్ళతో కడిగి వెంటనే వెట్ దగ్గరికి పరిగెత్తాలి.

ప్రశ్న: మావాడు సముద్రం చూస్తే ఆగడు. ఈత కొట్టనివ్వచ్చా?

జవాబు: కొట్టనివ్వండి, తాగనివ్వకండి. బంతి నోట కరుచుకు వచ్చే ప్రతిసారీ కాసిన్ని ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి, ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, మరీ మితిమీరితే ఫిట్స్. మధ్యమధ్య ఒడ్డుకి పిలిచి మంచినీళ్ళు పట్టండి, అయ్యాక ఒళ్ళంతా మంచినీళ్ళతో కడగండి. ఏడ్రియాటిక్ తీరం ఇసుక కాదు, రాళ్ళు, ఆ రాళ్ళ సందుల్లో నల్ల ముళ్ళబంతుల్లా సీ అర్చిన్‌లుంటాయి. కుంటుతూ వచ్చి ఒకటే నాకుతోందంటే పాదంలో ముల్లు విరిగినట్టే.

ప్రశ్న: సిసిలీలో ఉన్నాం, కుక్కతో ఓడలో మాల్టా వెళ్ళి వలెట్టా చూడాలి. ఈయూ లోపలే కదా, ఇంకేమైనా కావాలా?

జవాబు: కావాలి. మాల్టా, ఐర్లాండ్, ఫిన్లాండ్‌ల్లోకి వెళ్ళే కుక్కకి బద్దెపురుగు మాత్ర వేయించాలి, ఓడ దిగే సమయానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు వరకు, ఆ మధ్యలో ఎప్పుడైనా. మీరు వేస్తే చెల్లదు, వెట్ వేసి పాస్‌పోర్ట్‌లో టైముతో సహా రాయాలి. ఓడ సోమవారం పొద్దున్నయితే శుక్రవారమే వేయించేసుకోండి, ఆదివారం క్లినిక్ వెతుక్కుంటూ తిరగొద్దు.